నైలు నది నా చేజారిన ఏడు

లెక్కల టీచరు ప్రసూతి సెలవు మీద వెళ్లడంతో మా హెడ్మాస్టరు గారు టైంటేబులు మార్చారు.

"ఆరో తరగతి లెక్కలు ఆవిడొచ్చేదాకా మీరు లాగించీయండమ్మా. సోషలు కొత్తమ్మాయికి ఇచ్చీసేను," అన్నారు, సుద్దముక్కల పెట్టెని ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి జరిపినంత తేలిగ్గా.

"సరేనండి" అన్నాను. ఇంకేమంటాను? కానీ ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు.

మాది అనంతగిరి దాటాక, ఘాట్ రోడ్డు వదిలి లోపలికి దిగిన ఒక ఊళ్లో మండల పరిషత్ బడి. చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పాకే మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. పిల్లలు చుట్టుపక్కల గూడేల నుంచి నడిచి వస్తారు. నేను పల్లపు ఊరి మనిషిని. ఉద్యోగం వచ్చింది మొదలు ఆ బళ్లోనే పనిచేస్తున్నాను. బడికి దగ్గర్లో అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో నా కూతురితో ఉండేదాన్ని. మా ఆయన విజయనగరంలో పనిచేస్తూ శనివారాలు వచ్చి వెళ్లేవారు. పాప అప్పుడు మా బళ్లోనే ఐదో తరగతి.

ఆ బళ్లో నాకంటూ ఒక పేరుంటే అది నైలు నది పాఠం వల్ల వచ్చిందే. పుస్తకంలో తొలి నాగరికతల గురించి ఉన్న చోట నైలుకి దక్కింది ఒక్క పేరా. దాన్ని నేను వారం రోజుల పాఠం చేశాను. రంగు సుద్దలు విజయనగరం నుంచి నేనే తెచ్చుకునేదాన్ని. బోర్డు కింది అంచు దగ్గర మొదలుపెట్టి పైఅంచు దాకా నీలం సుద్దతో ఒక పాములాంటి గీత. దానికి అటూ ఇటూ వేలెడు మందాన ఆకుపచ్చ. మిగిలిన బోర్డంతా పసుపు రంగు ఇసుక. "ఏటి మేడం, కింది నుంచి పైకి పారుతాదా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. పటంలో ఉత్తరం పైన ఉంటుందని, నీళ్లు పల్లానికే పోతాయని చెప్పి నవ్వేదాన్ని. "ఇదిగో, ఈ పచ్చటి గీత మీదే ఒక దేశం దేశమంతా బతికింది" అనగానే పిల్లలు "హో" అనేవారు. ఏటా నది పొంగి నల్లటి ఒండ్రు తెచ్చి పొలాల మీద పరిచేదని, అందుకే వాళ్లు తమ దేశాన్ని నల్లనేల అని పిలుచుకున్నారని, రెండు పక్కలా ఎడారి కోటగోడలా కాపు కాసిందని, పంట తిండికి పోగా మిగిలింది గనకే రాజులూ రాతగాళ్లూ కొండలంతేసి సమాధులూ పుట్టుకొచ్చాయని చెప్పుకుంటూ పోయేదాన్ని. పై తరగతుల పిల్లలు కూడా కిటికీ దగ్గర చేరేవారు. ఆ వారం నేను వేరే మనిషిని.

ఆ నైలు ఇప్పుడు కొత్తమ్మాయి చేతికి వెళ్లింది.

ఆమె ఆ ఏడే మా బళ్లో టీచరుగా చేరింది, అరకు అవతల ఒక గూడెం నుంచి వచ్చి. నాకంటే చాలా చిన్నది. వానలోనూ స్కూటీ మీదే వచ్చి, తడిసిన చున్నీ పిండుకుంటూ నేరుగా క్లాసులోకి పోయేది. పిల్లలతో వాళ్ల ఇంటి భాషలో మాట్లాడేది. అన్నేళ్లలో ఆ భాషలో నాకు వచ్చింది పట్టుమని పది మాటలు. నేను గద్దించినా నోరు విప్పని పిల్లలు ఆమె దగ్గర పిట్టల్లా కలకలలాడుతుంటే, భాష వస్తే ఎవరికైనా అంతేలే అని నాకు నేను చెప్పుకునేదాన్ని. కానీ నా కూతురికి ఆ భాష రాదు. దానికెందుకు ఆమె అంటే అంత పిచ్చో అర్థమయ్యేది కాదు. ఆమెలాగే జడ పక్కకి వేయమనేది. రాగి అంబలి ముట్టని పిల్ల, కొత్త టీచరు తాగుతుందని గ్లాసుడు తాగి మూతి తుడుచుకుంది.

"మన కొత్త టీచర్ ఉంది కదమ్మా..." అని మొదలుపెట్టేది అన్నం దగ్గర.

"ముందు తిను" అనేదాన్ని.

ఐదో తరగతికీ ఆరో తరగతికీ మధ్య సగం ఎత్తు గోడే ఉంది. పైన రేకు వరకూ ఖాళీ. ఆ ఏడు ఆరోవాళ్లకి లెక్కలు పొద్దున, సోషలు మధ్యాహ్నం. మధ్యాహ్నాలు నేను ఐదోవాళ్లకి తెలుగు చెప్పేదాన్ని. గోడకు ఇవతల నేను పద్యం చదివిస్తుంటే అవతల నా నైలు నడుస్తూ ఉండేది. మొదటి రోజు వినకూడదనుకుంటూనే చెవులు రిక్కించి విన్నాను. ఆమె బొమ్మ గీసినట్టు లేదు. పిల్లలు "హో" అనలేదు. ప్రాణానికి హాయిగా ఉంది.

రెండో రోజు అవతల చప్పుడే లేదు. కిటికీలోంచి చూస్తే క్లాసంతా బయట ఉంది. బడి వెనక నేల వాలుగా ఉంటుంది. ముందు రోజు వానకి మెత్తబడిన ఎర్రమట్టిని పిల్లలు పైన కుప్ప పోసి కొండ చేశారు. కొండ నుంచి కిందికి వేలితో కాలవ గీశారు. కిందంతా వంటగది వెనక నుంచి తెచ్చిన ఇసుక పరిచారు. అదే ఎడారి. కొత్తమ్మాయి చుడీదారు మోకాళ్ల దాకా బురదే. ఒక పిల్ల చెంబుతో పైనుంచి నీళ్లు వదిలింది. నీళ్లు కొండని కోసుకుంటూ ఎర్రగా దిగి, ఇసుకలో చేరి, పొంగి, అటూ ఇటూ పరుచుకున్నాయి. ఇంకాయి. ఇసుక మీద కాలవకి రెండు వైపులా పల్చగా ఎర్రటి పూత మిగిలింది.

"సూసేరా?" అంది కొత్తమ్మాయి. "ఇసకలో ఏటీ పండదు. ఈ పూత మీద పండుతాది. ఇప్పుడు సెప్పండి, ఊరు ఎక్కడ కడతారు?"

పిల్లలు ఎగబడి గులకరాళ్లతో ఇళ్లు పెట్టారు. మరీ దగ్గర పెట్టిన ఇళ్లు రెండో చెంబుకి కొట్టుకుపోయాయి. మరీ దూరం పెట్టినవాళ్లకి పొలం లేదు. అరుచుకున్నారు, దెబ్బలాడుకున్నారు, చివరికి పూతకి ఆనుకుని కాస్త ఎత్తు మీదికి చేరారు. నేను వారం చెప్పింది వాళ్లకి అక్కడే, ఆ బురదలోనే తెలిసిపోతోంది. నా ఐదో తరగతి పిల్లలు పద్యం వదిలేసి కిటికీకి అతుక్కుపోయారు. అందరికంటే ముందు నా కూతురు. కూర్చోమని కేక వేశాను. అవసరమైన దానికంటే గట్టిగానే.

అప్పుడే ఒక ప్రశ్న వినబడింది. అడిగింది గెడ్డ అవతలి గూడెం గుంట. గెడ్డ అంటే మా వైపు కొండవాగు, గుంట అంటే ఆడపిల్ల. ఆ పిల్ల వాళ్ల నాన్న వాలు మీద పోడు చేసుకుని రాగులు, రాజ్‌మా వేస్తాడు. ఆ ఏడు తొలకరికే వాళ్ల చెక్కలో పైమట్టి చాలా మటుకు జారిపోయింది. ఆ పిల్ల కింద ఇసుకలో ఊరిని చూడలేదు. పైన కరిగి సగమైన కొండనే చూస్తోంది.

"టీచర్, కిందోలకి మట్టొచ్చింది. మరి పైనున్నోలకి ఏటి మిగిలింది?"

కొత్తమ్మాయి ఆ పిల్ల పక్కనే బురదలో చతికిలబడింది. "నాకు తెల్దమ్మా. కనుక్కుని సెప్తాను" అంది.

ఇన్నేళ్లలో నా క్లాసులో ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. నీలం గీత బోర్డు కింది అంచు దగ్గర ఎందుకు మొదలవుతుందో, దానికి ముందు ఏముందో ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. పిల్లలు ఆమెని ప్రేమించినందుకు కాదు, నా కూతురు జడ మార్చినందుకు కాదు, ఆ ప్రశ్న ఆమెని వెతుక్కుంటూ వెళ్లినందుకు నా కడుపు నిజంగా మండింది.

సాయంత్రం స్టాఫ్ రూంలో ఆమె నా దగ్గరికే వచ్చింది.

"మేడం, ఒక డౌటండి. నైలుకి ఆ మట్టి ఎక్కడ్నుంచి వస్తాదండి? పుస్తకంలో నేదు."

"నాకూ తెలీదమ్మా."

"మీకే తెలీకపోతే ఇంకెవులికి తెలుస్తాదండి," అంది. నిజంగానే అనుకుని అంది. నాకు మాత్రం సూదిలా గుచ్చుకుంది. ఆమె మంచిది కాకపోయి ఉంటే నాకెంత సుఖంగా ఉండేదో.

మా ఊళ్లో ఫోను సిగ్నలు దొరకదు. బొర్రా వైపు రోడ్డు ఎక్కి మలుపు దగ్గర నిలబడాలి. ఇంటికెళ్లి టీ కూడా తాగకుండా గొడుగు, పాప, నేను ఆ మలుపుకి ఎక్కాం. ఆమె కంటే ముందు నేను తెలుసుకోవాలి. నా మనసులో ఉన్నదల్లా అదొక్కటే. మంచు కమ్ముకొస్తుంటే తెర మీద నీటిచుక్కలు తుడుచుకుంటూ చదివాను. ఆ ఒండ్రులో చాలా భాగం ఇథియోపియా కొండలది. అక్కడ వర్షాకాలం, అక్కడ నిట్టనిలువు వాలులు, అక్కడ చిన్నచిన్న చేలు. అక్కడి వాన అక్కడి మట్టిని కోసుకుని ఎడారి దాటించి ఈజిప్టుకి అప్పజెప్పింది.

"చూడవే, నల్లనేల నల్లనేల అని పాడుకుంటున్నాం, అది వేరేవాళ్ల కొండ!" అన్నాను. సంతోషం పట్టలేక పైకే అనేశాను.

"ఎవరి కొండమ్మా?" అంది పాప. దానికి మొత్తం విడమరిచి చెప్పాను. దిగేటప్పుడు మనసులో ఒక ఏర్పాటు చేసుకున్నాను. రేపు ప్రార్థన అయ్యాక, స్టాఫ్ రూంలో హెడ్మాస్టరు గారు ఉన్నప్పుడు, రిజిస్టరులో సంతకం పెడుతూ, తల ఎత్తకుండా, "అదేనమ్మా, ఆ మట్టి ఇథియోపియాది" అనాలి. ఎప్పట్నుంచో తెలిసినట్టు.

మర్నాడు నేను క్యారేజీ సర్దేలోగా పాప ముందే పరిగెత్తింది. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి ఆగి ఉన్న స్కూటీ సీటు మీద ఎక్కి కూర్చుని, చేతులు చాపి కొండలు చూపిస్తూ కొత్త టీచరుకి అంతా చెప్పేస్తోంది. ఇథియోపియా అనే మాట దానికి తిరగక మూడు ముక్కలు చేసింది. కొత్తమ్మాయి దాన్ని గట్టిగా హత్తుకుంది.

"మీ అమ్మగారు కనిపెట్టేరా? నీకోసం కొండెక్కి?" అంటోంది.

"మీ కోసమే ఎక్కింది" అంది నా కూతురు.

నేను గేటు దగ్గరే చెప్పులు దులుపుకున్నాను.

ప్రార్థన అయ్యాక కొత్తమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "అక్కా, ఇది మీరే సెప్పాలి. నేను సెప్తే మీ కష్టం తినీసినట్టుంటాది," అంది. మేడం నుంచి అక్కని ఎప్పుడు అయ్యానో నేను గమనించలేదు. వద్దనాల్సింది. రంగు సుద్దలు సంచీలోనే ఉన్నాయి. పొద్దుటి లెక్కలు ఆపి ఆరో తరగతికి అదే చెప్పడానికి వెళ్లాను.

మామూలుగానే నీలం గీత గీశాను. ఆకుపచ్చ, పసుపు. పిల్లలు "హో" అన్నారు. కొత్తమ్మాయి వెనక బెంచీలో కూర్చుని తనూ అంది. ఆ తర్వాత కొండలకి బోర్డులో చోటు మిగల్లేదు. వంగి, బోర్డు కింద సున్నం గోడ మీదే, కుడి వైపుకి జరిగి గోధుమ రంగు కొండలు గీశాను. వాన గీశాను. కొండల మీద చేలు గీశాను. అక్కణ్నుంచి గీతని పైకి తెచ్చి నీలం పాముకి కలిపాను. "ఆ నల్లనేల పుట్టింది ఇక్కడ," అన్నాను.

గెడ్డ అవతలి గుంట లేచింది. "మరి మా గెడ్డ మట్టి ఎక్కడికి ఎల్లిపోతాది మేడం?"

ఈ ప్రశ్న నాది. ఎవరూ లాక్కోలేనిది. దీనికి జవాబు నాకు పుట్టుకతో తెలుసు. వాళ్ల గెడ్డ కిందికి దిగి గోస్తనిలో కలుస్తుంది. గోస్తని బొర్రా గుహల కింది నుంచి దూరి పల్లానికి దిగి తాటిపూడి మీదుగా మా ఊరి పొలాల పక్కనుంచి పోతుంది.

"మా ఊరికి వస్తుందే," అన్నాను నవ్వుతూ.

ఆ పిల్ల నవ్వలేదు. "అయితే మా మట్టి మీరు తింతన్నారేటి?"

క్లాసు గొల్లుమంది. కానీ ఆ పిల్ల కళ్లలో ఉన్నది నేను గుర్తుపట్టాను. అప్పటికి కొన్ని వారాలుగా నా అద్దంలో రోజూ చూస్తున్నదే. పక్కవాళ్ల పొలం పచ్చగా ఉందని విన్నప్పటి చూపు. ఇంకెవరైనా అయితే తిట్టి కూర్చోబెట్టేదాన్నేమో.

"వెళ్లి సూద్దామా?" అంది వెనక బెంచీ నుంచి కొత్తమ్మాయి.

హెడ్మాస్టరు గారు మొదట ససేమిరా అన్నారు. తల్లిదండ్రుల అనుమతులు తెచ్చాక, తనూ వస్తానని అప్పుడు ఒప్పుకున్నారు. వానలు తెరిపిచ్చాక ఒక ఆదివారం పొద్దున్నే ఆరో తరగతి పిల్లల్ని, పట్టుబట్టిన నా కూతుర్ని తీసుకుని బస్సులో ఘాట్ దిగి, మావాళ్లు ఉత్త కోట అనే శృంగవరపుకోట చేరాం. అక్కడ మా అన్నయ్య ఆటోలు మాట్లాడి పెట్టాడు. దారిలో తాటిపూడి రిజర్వాయరు దగ్గర ఆగాం. కొండ పిల్లలు అంత నీరు ఒక్కచోట కదలకుండా ఉండడం చూసి గట్టు మీద ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు.

మా పొలం దగ్గర అన్నయ్య పంచె ఎగ్గట్టి ఎదురొచ్చాడు. గెడ్డ అవతలి గుంట ఎవరితోనూ మాట్లాడకుండా గట్టు దిగి పిడికెడు మట్టి తీసి చూసింది.

"ఇది మాది కాదు. మాది ఎర్రగా ఉంటాది," అంది.

అన్నయ్యకి ముందే అంతా చెప్పి ఉంచాను. "మీదేనే గుంటా. అయితే ఇప్పటిది కాదు," అన్నాడు. "వరదొచ్చినప్పుడల్లా ఎర్ర బురద పరిచీసేదంట. మా తాత సెప్పేవోడు. ఎరువన్న మాటే నేదంట అప్పుడు. ఆ రిజర్వాయరు కట్టీసినాక నీలొస్తన్నాయి గానీ మట్టి రాదు. ఆ నీల అడుక్కే దిగిపోతాది. మేం కోట ఎల్లి యూరియా కొనుక్కుంటన్నాం."

ఆ పిల్ల పిడికిలి విప్పి మట్టిని గట్టు మీద వదిలేసింది. "అయితే మీకూ నేదు, మాకూ నేదు."

"అంతే మరి," అన్నాడు అన్నయ్య.

అప్పుడు నేను మాట్లాడాను. నైలు మీద కూడా ఇప్పుడు పెద్ద ఆనకట్ట ఉందని, ఒండ్రు దాని వెనకే ఆగిపోతోందని, వేల ఏళ్లు వరద మీద బతికిన రైతులు ఇప్పుడు మా అన్నయ్యలాగే ఎరువు కొంటున్నారని, అయితే ఆనకట్ట లేనప్పుడు వరద ఎక్కువైన ఏడు ఊళ్లు పోయేవని, తక్కువైన ఏడు ఆకలితో చచ్చేవారని, నది ఇస్తుందని పాడుకున్నంత తేలిక కాదు బతుకని చెప్పాను. బోర్డు లేదు, రంగులు లేవు. గట్టు మీద నిలబడి ఉత్త నోటితో చెప్పాను. పిల్లలు కదల్లేదు. కొత్తమ్మాయి వాళ్ల మధ్యలో గొంతుక్కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. నా కూతురు ఆమె పక్కన కూర్చున్నా, చూపు మాత్రం నా మీదే ఉంది. ఎన్నాళ్లకో కడుపులో చల్లగా అనిపించింది.

ఆ చల్లదనం భోజనాల దాకానే నిలిచింది. మా వదిన పిల్లలకి పులిహోర వడ్డిస్తుంటే కొత్తమ్మాయి నడుముకి చున్నీ బిగించి నీళ్లు పోసింది, విస్తళ్లు తీసింది, వదినతో కలిసి గిన్నెలు తోమింది. నేను పుట్టింటికి వచ్చిన ఆడపడుచులా అరుగు మీద కూర్చున్నాను. బయల్దేరే ముందు వదిన నన్ను పక్కకి పిలిచింది.

"ఆ పిల్ల బంగారమే. ఏటి కలుపుగోలుతనం! ఇన్నేల్లయి ఉద్యోగం సేత్తన్నావు, నువ్వెప్పుడైనా పిల్లల్ని ఇలగ తీసుకొచ్చేవేటి? అంతా ఆ పిల్ల సలవే."

"ఊరు మనది, పొలం మనది, పాఠం నేను చెప్పాను వదినా," అన్నాను.

"అదే అంటన్నాను," అంది వదిన, ఏమీ అర్థం కాకుండానే.

తిరుగు బస్సులో ఘాట్ ఎక్కుతుంటే పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. నా కూతురు ఆమె ఒళ్లో. గెడ్డ అవతలి గుంట ఒక్కత్తే మెలకువగా కిటికీలోంచి కొండల్ని చూస్తోంది. మట్టి పోకుండా వాలుకి అడ్డంగా రాళ్లు పేర్చమని వాళ్ల నాన్నకి చెప్తానంది. తమ అరకు వైపు కొందరు అలా పేర్చుకుంటారని కొత్తమ్మాయి ఆ పిల్లకి చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అక్కా, మీరు బొమ్మేసిన రోజు పిల్లలు హో అన్నారు కదా. నాకు నిద్ర పట్టనేదు. తర్వాత నేనూ ఏసి సూసేను. 'ఏటి టీచర్, వానపామా?' అన్నారు," అని తల దించుకుని నవ్వింది.

పైకి "పోనీలే, నేర్పుతాను" అన్నాను. లోపల పండగలా ఉంది. అది మంచి సంతోషం కాదని తెలుసు. అయినా కొండెక్కేదాకా దాన్ని అనుభవించాను.

లెక్కల టీచరు సంక్రాంతి సెలవులయ్యాక తిరిగొచ్చింది. వచ్చే ఏడు సోషలు ఎవరికి కావాలని హెడ్మాస్టరు గారు ఇద్దరినీ పిలిచి అడిగారు. నేను మొహమాటపడకుండా నాకే కావాలన్నాను. ఆమె కూడా అంతే సూటిగా "నాక్కూడా కావాలండి" అంది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్న తీరుకి ఆయనకి భయం వేసినట్టుంది. సగం సగం చేసుకోండి, సిలబస్ అవ్వాలంతే అన్నారు. అలా పంచుకున్నాం. నది పుట్టిన చోటు నుంచి మైదానం దాకా ఆమెది, మైదానం నుంచి సముద్రం దాకా నాది.

పాప ఇప్పుడు ఆరో తరగతి. క్లాసులో నన్ను మేడం అని పిలుస్తుంది, నా సగం శ్రద్ధగానే వింటుంది. ఆమె సగం జరిగే రోజుల్లో మాత్రం ఇంటికొచ్చి బట్టలన్నీ బురదతో నా ముందు పడేసి, ఉతుకుతున్నంతసేపూ పక్కనే కూర్చుని మొత్తం చెబుతుంది. ఆ పాఠం నడిచేటప్పుడు నేను బయటికి వెళ్లను. "వెనకాల కూకుని ఇనొచ్చు కదక్కా" అని కొత్తమ్మాయి పిలుస్తూనే ఉంటుంది. పేపర్లు దిద్దాలంటాను. నిజానికి ఆ సమయంలో ఒక్క పేపరూ దిద్దలేను.